చైనా కవికి మూడో పిలుపు

సారంగపాణి ఏకాంతవాసంలోకి వెళ్ళిన సంగతి వరంగల్‌కు పత్రిక ద్వారా తెలిసింది. పత్రికకు సారంగపాణి ద్వారా తెలిసింది. 1982 జనవరిలో ఒక స్థానిక వారపత్రిక మూడో పేజీలో, ఎరువుల ధరల పక్కన ఆ వార్త పడింది. చైనా కవి హో లిన్ జీవితాన్ని తెలుగువారికి పరిచయం చేసిన సారంగపాణి గారు లోకవ్యవహారాల నుంచి విరమించుకుని కొత్తవాడలోని తమ ఇంటి వెనుక ఒంటరిగా ఉంటున్నారనీ, అభిమానులు వచ్చి ఇబ్బంది పెట్టవద్దనీ దాని సారాంశం. చివర ఇంటి నంబరు కూడా ఇచ్చారు.

ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్. ఏకాంతానికి సెలవు ఇచ్చే నిబంధన కాలేజీలో లేదు. నడుం నొప్పికి ఉంది. కాబట్టి నడుం నొప్పి అని డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చి, సెలవు మంజూరైందని రూఢి చేసుకున్నాక ఆయన లోకాన్ని వదిలేశాడు. వదిలేసి, ఇంటి ముందు గదిలోంచి పెరట్లోని రంగుల షెడ్డులోకి మారాడు. లోకానికీ షెడ్డుకూ మధ్య ఒక చేదబావి ఉంది.

హో లిన్ గురించి చెబితే గాని ఈ షెడ్డు సంగతి అర్థం కాదు. పదేళ్ళ కింద మిషన్ కాంపౌండులో పాత పుస్తకాలు తూకానికి అమ్మినప్పుడు సారంగపాణి ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నాడు. చైనాలో పని చేసి వచ్చిన పాద్రి ఎవరో రాసింది. వేయేళ్ళ కింద బతికిన హో లిన్ అనే కవి, పండితుడి జీవితం. హో లిన్ ఒక గుమాస్తా కొడుకు. ఇరవై ఏళ్ళకే శాస్త్రాలు చదివాడు. జనం మరిచిపోయిన మాటలన్నీ పోగు చేసి నిఘంటువు కట్టాడు. రాజుగారి పరీక్షలో నెగ్గాడు. పెద్ద కొలువు వస్తుందని చూస్తే ఉప్పు కచేరీలో సహాయకుడి పని ఇచ్చారు. దగ్గు వస్తోందని చెప్పి రాజీనామా చేశాడు. కొండ మీద వెదురు గుడిసె వేసుకుని, రెండు బాతులను పెంచుకుంటూ, తనకు ఎవరినీ చూడాలని లేదని పద్యాలు రాశాడు. రాసిన ప్రతి పద్యాన్నీ రాజధానిలో తెలిసినవాళ్ళందరికీ పంపాడు. అవి రాజు దాకా పోయాయి. రాజు పట్టుబట్టలిచ్చి ఒక అధికారిని పంపాడు. హో లిన్ తలుపు తీయలేదు. మళ్ళీ గుర్రాన్నిచ్చి మంత్రిని పంపాడు. ఇంట్లో ఎవరూ లేరని హో లిన్ లోపలి నుంచి చెప్పాడు. అక్కడికి మొదటి సంపుటం అయిపోయింది. రెండో సంపుటం తూకంలో రాలేదు.

మిగిలిన జీవితాన్ని సారంగపాణి తానే పూర్తి చేశాడు. మూడోసారి రాజు స్వయంగా వచ్చాడు. కొండ కింద చెప్పులు విడిచి, నడిచి ఎక్కి, వానలో నిలబడ్డాడు. హో లిన్ తలుపు జానెడు తీసి, ఒక పద్యం చదివి, మూసేశాడు. రాజు ఏడ్చుకుంటూ దిగిపోయి ఆయన పేర పాఠశాల కట్టించాడు. ఆయన తెలుగు చేసిందంతా వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది, ఈ ఒక్క ఘట్టాన్నే మూడు వారాలు వేశారు. రాస్తున్నప్పుడు సారంగపాణి కూడా ఏడ్చాడు.

ఆ రోజుల్లో వరంగల్‌లో చైనా అనే మాట వినబడితే రెండు రకాల మనుషులు చెవులు రిక్కించేవారు. సీరియల్ మొదలైన నెలకు మఫ్టీలో ఒకాయన వచ్చి, చాయ్ తాగి, ఈ హో లిన్ ఏ దళం మనిషని అడిగాడు. వేయేళ్ళ కింద చనిపోయాడని చెబితే రాసుకుని వెళ్ళాడు. మరో వారానికి ఇద్దరు విద్యార్థులు గడ్డాలతో వచ్చారు. ఉప్పు కచేరీని హో లిన్ ఎందుకు తగలబెట్టలేదో వాళ్ళకు కావాలి. బాతుల గురించి విన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేచిపోయారు. తర్వాత పోలీసులూ రాలేదు, విప్లవకారులూ రాలేదు. ప్రమాదం లేనివాడని రెండు పక్షాలూ ఒప్పుకున్న మనిషి ఆ కాలపు వరంగల్‌లో ఆయన ఒక్కడే కావచ్చు.

ఎనభై ఒకటి జూన్‌లో కాలేజీ తెలుగు శాఖకు హెడ్ పదవి ఖాళీ అయింది. సర్వీసులో సారంగపాణి ముందు. ఇచ్చింది ఎల్లస్వామికి. ఎల్లస్వామి ఒకప్పుడు సారంగపాణి క్లాసులో మూడో బెంచీలో కూచున్నవాడు. సారంగపాణి వెళ్ళి అభినందించాడు. పదవులంటే తనకు పట్టింపు లేదని స్టాఫ్ రూములో అందరికీ చెప్పాడు. అటెండరుకు రెండుసార్లు చెప్పాడు.

ఆయన కన్ను పడింది మరోదాని మీద. హన్మకొండలో శుక్రవారపు గోష్ఠి అని ఒక సాహిత్య సంఘం ఉంది. ఎనభై రెండు ఫిబ్రవరికి దానికి పాతికేళ్ళు నిండుతాయి. ఆ ఉత్సవంలో జిల్లా పండితుడొకరికి గండపెండేరం తొడుగుతామని ప్రకటించారు. గండపెండేరమంటే వెనుకటి రాజులు మహాకవి ఎడమ కాలికి తొడిగిన బంగారు కడియం. గోష్ఠివాళ్ళది వెండిది, పైన బంగారు పూత. పేరు ఇంకా తేల్చలేదు. సారంగపాణి లెక్క ఇది: అడిగితే ఇవ్వరు, అడగకపోతే మరిచిపోతారు. వద్దనేవాడికైతే వెంటబడి ఇస్తారు. అయితే వద్దనాలంటే ముందు వాళ్ళు రావాలి. రావాలంటే తాను ఎక్కడికో వెళ్ళాలి. ఆయన షెడ్డుకు వెళ్ళాడు.

షెడ్డు అన్న వెంకట్రాజానిది. ఆ ఇంట్లో అందరూ జంపఖానాలు నేసేవాళ్ళే. నూలుకు రంగులద్దే తొట్లు ఆ షెడ్డులోనే ఉన్నాయి. తమ్ముడి తపస్సు కోసం వెంకట్రాజం రెండు తొట్లు బయటికి జరిపి, మిగతావాటి మీద రేకులు కప్పాడు. వెదురు గుడిసె కుదరలేదు కాబట్టి తలుపు స్థానంలో వెదురు తడక కట్టించారు. బాతులు దొరికాయి. తెచ్చిన మర్నాడే అవి తొట్లలోకి దిగాయి. ఒకటి ఎర్రగా, ఒకటి ఆకుపచ్చగా బయటికి వచ్చాయి. చూడడానికి వాడంతా వచ్చింది. ఏకాంతవాసం మొదలైన నాటి నుంచి ఆ పెరట్లో అంత జనం ఉండడం అదే మొదలు.

భార్య లక్ష్మీనర్సమ్మ పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్ళీ చాయ్ తడక కింద నుంచి లోపలికి తోసేది. హో లిన్ తనకు తానే జొన్నలు దంచుకున్నాడని పుస్తకంలో ఉంది. ఆ భాగాన్ని సారంగపాణి అనువదించాడు గాని ఆచరించలేదు. స్నానానికి వచ్చినప్పుడు ఆయన ఎడమ కాలి మడమ దగ్గర ఇటుక పెంకుతో ఎక్కువసేపు రుద్దుకోవడం ఆమె గమనించింది. ఏమిటని అడగలేదు.

మొదటి పిలుపు జనవరి చివర వచ్చింది. గోష్ఠి కార్యదర్శి సుందర్ రావు రిటైరైన హెడ్మాస్టరు, మిషన్ స్కూల్లో చదివినవాడు. చేతిలో అరటిపళ్ళతో మరొక సభ్యుణ్ణి వెంటబెట్టుకుని పెరట్లోకి వచ్చి, సార్ జర మీతో పనుంది అన్నాడు. తడక వెనుక సారంగపాణి కదలకుండా కూచున్నాడు. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. హో లిన్ మొదటిసారి మౌనంగా ఉన్నాడు కాబట్టి ఆయన కూడా ఉన్నాడు. సుందర్ రావు కొంతసేపు నిలబడి, నడుం నొప్పి ఎక్కువగా ఉందేమోనని లక్ష్మీనర్సమ్మతో అని, పళ్ళు ఇచ్చి వెళ్ళాడు.

రెండోసారి వారం తర్వాత నలుగురు వచ్చారు. వీధిలో రిక్షా ఆగిన చప్పుడుకే సారంగపాణి పద్మాసనం వేశాడు. సుందర్ రావు బయట నుంచి రెండు మాటలు మాట్లాడితే చాలన్నాడు. ఉత్సవం దగ్గరికి వచ్చింది, పని ఆగిపోయింది అన్నాడు. లోపలి నుంచి సారంగపాణి, ఇంట్లో ఎవరూ లేరు, అన్నాడు. నలుగురూ ఆ గొంతును ఇరవై ఏళ్ళుగా ఎరుగుదురు. తడకకే నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. సారంగపాణి ఆ పూట అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఇక మిగిలింది మూడోది.

పెద్దమనుషులు పళ్ళు తెచ్చి రెండుసార్లు తిరిగిపోవడాన్ని కొత్తవాడ చూసింది. దాంతో వాడకు సంగతి తేలిపోయింది. మనిషి ముందు గది వదిలి పెరట్లో కూచున్నాడు. పలకరిస్తే పలకడు. పిలిస్తే రాడు. దీనికి కొత్తవాడలో ఒకటే పేరు ఉంది. అలక. పెళ్ళికొడుకు గడియారం కోసం అలుగుతాడు. మేనమామ తనకు ముందుగా బొట్టు పెట్టి చెప్పలేదని అలుగుతాడు. అది నామోషీ ఏమీ కాదు. దానికి పద్ధతి ఉంది. తప్పు చేసినవాడెవరో కనిపెట్టాలి. వాడు వచ్చి చెయ్యి పట్టుకుని బతిమాలాలి. దావత్ ఇవ్వాలి. అలిగినవాడు మాత్రం కారణం చెప్పకూడదు. చెబితే అది అలక కాదు, ఫిర్యాదు.

వెంకట్రాజం కులపెద్ద కట్టయ్యను తీసుకొచ్చాడు. కట్టయ్య బావి గట్టు మీద కూచుని విచారణ మొదలుపెట్టాడు. అన్నతో పంపకాల పేచీ లేదని తేలింది. భార్యతో లేదని ఆమె చెప్పింది. తర్వాత కట్టయ్య తడక దగ్గరికి వెళ్ళి, ఎవరి మీద కోపమో చెప్పమన్నాడు. సారంగపాణి తనకు ఎవరి మీదా కోపం లేదన్నాడు. కట్టయ్య వెనక్కు తిరిగి వెంకట్రాజానికి తల ఊపాడు. అలిగినవాళ్ళంతా మొదట చెప్పేది అదే.

అప్పుడు సారంగపాణి హో లిన్ జీవితం మొత్తం చెప్పాడు. నిఘంటువు, పరీక్ష, కచేరీ, కొండ, బాతులు, రాజు. కట్టయ్య మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు.

"ఆయన ఎవరి మీద అలిగిండు బిడ్డా?" అని అడిగాడు చివరికి.

అలగలేదని సారంగపాణి చెప్పాడు. విరక్తి కలిగిందన్నాడు. లోకం మీద.

"నౌకరి చిన్నదిచ్చిన్లంటివి గద."

సారంగపాణి ఖాళీ గిన్నెను తడక కింద నుంచి బయటికి తోశాడు. అన్నం గిన్నె తీసుకోవడానికి వచ్చిన లక్ష్మీనర్సమ్మ అక్కడే నిలబడి ఉంది.

"పాపం, ఆయనకు బామ్మర్దులు లేకుండెనేమో మామా," అంది. "ఉంటే పోయి తోలుకొస్తుండిరి. గన్నేండ్లు కొండ మీద ఉండే గోస తప్పుతుండె."

బామ్మర్దులన్న మాట కట్టయ్య పట్టుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ తమ్ముడు రాయమల్లు పరకాలలో ఎరువుల, పురుగుమందుల వ్యాపారి. పోయిన వేసవిలో కొడుకు పెళ్ళి చేశాడు. ఆ దావత్‌కు పోయినవాళ్ళను కట్టయ్య ఒక్కొక్కరినే అడిగాడు. మూడో మనిషి దగ్గర దొరికింది. అక్కడ బావకు మూలుగ బొక్క పడలేదు.

మాంసంలో మూలుగ ఉన్న ఎముక, అదే మూలుగ బొక్క, ఆ ఇంటి అల్లుడి విస్తరిలో పడాలి. పడకపోతే పెళ్ళిళ్ళు ఆగిన ఊళ్ళు ఉన్నాయి. రాయమల్లు పెళ్ళి దావత్‌లో వడ్డించేవాడు పెద్ద బావ అయిన సారంగపాణిని దాటేసి బొక్కను జమ్మికుంటలో బ్యాంకు పని చేసే చిన్న బావ విస్తరిలో వేశాడు. ఈ సంగతి కబురు వెళ్ళేసరికి రాయమల్లు దుకాణంలో తల పట్టుకున్నాడట. ఎనిమిది నెలల నుంచి బావ ముఖం ఎందుకు అట్లా ఉందో ఇప్పుడు తెలిసిందని అన్నాడట. వెంకట్రాజం ఈ మాట తడక దగ్గరికి తెచ్చాడు. సారంగపాణికి ఒళ్ళు మండింది. బొక్క కోసం అలిగే మనిషినా నేను, ఆ దావత్ సంగతే నాకు గుర్తు లేదు అన్నాడు. నిజమే, తారీకు గుర్తు లేదు. బొక్క ఎవరి విస్తరిలో పడిందో, ఆయన దాన్ని ఎంతసేపు జుర్రుకున్నాడో గుర్తుంది.

"ఆదివారం వస్తాండు," అన్నాడు వెంకట్రాజం. "జర మంచిగ మాట్లాడు తమ్మీ. అగో, ఇంకో ముచ్చట. సుందర్ రావు సారు తొవ్వల కలిసిండు. ఆయన కూడ ఆదివారమే వస్తడట. నాలుగు గంటలకు."

సారంగపాణికి రెండో మాటే వినబడింది. ఆదివారం నాలుగు గంటలకు రాజు కొండ ఎక్కుతాడు. ఆయన రెండు రోజులు కూచుని ఒక సీసపద్యం అల్లాడు. కాలికి కడియం దేనికి, మనసుకు కట్లు తెగిన తర్వాత అన్నది దాని సారం. తడకను జానెడు మాత్రమే జరపడం అభ్యాసం చేశాడు. ఎక్కువ జరిపితే తొట్లు కనబడుతున్నాయి. పద్యమయ్యాక మూసేయాలి. వాళ్ళు బయట నుంచే ప్రాధేయపడతారు. అప్పుడు సాహిత్యం కోసం, తన కోసం కాదు, ఒప్పుకోవాలి. హో లిన్ ఒప్పుకోలేదు గాని, హో లిన్‌కు ఇవ్వజూపింది కొలువు. గండపెండేరం కాదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పరకాల నుంచి ఒక వ్యాను వచ్చింది. అందులోంచి రాయమల్లు, అతని భార్య, కొత్త కోడలు, చుట్టాలు, రెండు వంట డేగిసాలు, ఒక మేక దిగాయి. మధ్యాహ్నానికి వాడలోని బంధువులు కూడా చేరారు. పెరట్లో పొయ్యిలు పెట్టారు. జంపఖానాలు పరిచారు. ఉల్లిగడ్డ వేగిన వాసన తడక సందుల్లోంచి లోపలికి వచ్చింది. సారంగపాణి సీసపద్యం రెండో పాదం మరిచిపోయి, మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాడు.

వంట దించాక రాయమల్లు తడక ముందుకు వచ్చి తలపాగా తీసి కింద పెట్టాడు. వెనుక కట్టయ్య, వెంకట్రాజం నిలబడ్డారు.

"తప్పయింది బావా. వడ్డించెటోడు కొత్తోడు. నీ ముఖం ఎరుగడు. బొక్క పోతే పోయింది గని మనుషులం పోలే గద."

సారంగపాణి బొక్క ప్రసక్తే లేదన్నాడు. తాను సాధనలో ఉన్నానన్నాడు. వెళ్ళి భోంచేయమన్నాడు.

"నువ్వు తినకుంటే ఎవ్వరు తినరు," అన్నాడు రాయమల్లు. "పిల్లలు సుత. నేనైతే ఈడనే పంట." అన్నట్టే తడక ముందు అడ్డంగా పడుకున్నాడు.

ఆడవాళ్ళు డేగిసాల మీద మూతలు పెట్టేశారు. కొంతసేపటికి ఒక పసిబిడ్డ ఏడ్చింది. ఇంకొకటి అందుకుంది. తినవద్దని ఎవరూ వాటికి చెప్పలేదు, అయినా ఎవరూ పెట్టలేదు. లక్ష్మీనర్సమ్మ వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది.

"ఇగో, వింటానవా? వాడు బీపీ మనిషి. ఎండల పన్నడు. నీ చైనాయన తలుపు కాడ ఎవరన్న సచ్చిన్లా, పుస్తకంల రాసిందా?"

సారంగపాణి గడియారం చూశాడు. ఒంటిగంట దాటింది. వాళ్ళు వచ్చేది నాలుగింటికి. రెండింటికల్లా తినేసి, చెయ్యి కడుక్కుని, లోపలికి వచ్చి, వాసన పోవడానికి ఊదుబత్తి వెలిగించుకుంటే ఇంకా సమయం మిగులుతుంది. అలక కాదని, కేవలం పిల్లల ఆకలి చూడలేక వస్తున్నానని అందరూ వినేటట్టు చెప్పి, తడక జరిపాడు. జానెడు కాదు. పూర్తిగా. రాయమల్లు లేచి చెయ్యి పట్టుకున్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. కట్టయ్య, అయిపాయె, అన్నాడు.

ఆయనను జంపఖానా నడుమ కూచోబెట్టారు. రాయమల్లు గంటె తానే పట్టుకుని డేగిసా అడుగు దాకా కలిపి, వెతికి, మూలుగ బొక్క తీసి విస్తరిలో వేశాడు. అందరూ చూస్తున్నారు. తినకపోతే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. సారంగపాణి బొక్క ఎత్తి నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. మూలుగ రాలేదు. ఇంకోసారి, కళ్ళు మూసుకుని పీల్చాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా సుందర్ రావు, వెనుక గోష్ఠి సభ్యులు నలుగురు చెప్పులు విడుస్తున్నారు.

సుందర్ రావు డోర్నకల్‌లోని కూతురు లిదియా ఇంటికి సాయంత్రం బండి ఎక్కాల్సి ఉంది. అందుకని ముందే వచ్చాడు. సారంగపాణి బొక్క నోట్లోంచి తీశాడు. కింద పెట్టడానికి చోటు కనబడలేదు. సీసపద్యంలో ఒక్క పాదం కూడా గుర్తు రాలేదు.

రాయమల్లు వచ్చినవాళ్ళను కూచోబెట్టి విస్తర్లు వేయించాడు. వాళ్ళు మొహమాటపడలేదు. సుందర్ రావు అన్నం కలుపుకుంటూ సారంగపాణి వైపు ఆప్యాయంగా చూశాడు.

"అలక తీరింది గద సార్. మస్తు సంతోషం. మా గోష్ఠిల అందరం పరేషాన్ అయినం."

అలక ఏమిటని సారంగపాణి అడిగాడు. బొక్క ఇంకా చేతిలోనే ఉంది.

"అదే సార్, ఎల్లస్వామికి హెడ్ ఇచ్చిన్లని. ఊరందరికీ ఎరుకేనాయె."

తినేవాళ్ళ చేతులు ఆగాయి. రాయమల్లు గంటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"బొక్క కోసం కాదా?" అన్నాడు. "మరి మేకను నేనెందుకు కోసిన?"

సారంగపాణి రెండూ కాదన్నాడు. హో లిన్ మార్గమన్నాడు. పిలుపులకు తలుపు తీయకుండా ఉండడం, చివరికి రాజే కొండ ఎక్కి రావడం. తానేం చెబుతున్నాడో తనకే స్పష్టంగా లేదు. సుందర్ రావు మర్యాదగా విన్నాడు.

"మీ సీరియల్ చదివిన సార్. ఆఖరు మీరు రాసిందే బాగుంది. రెండో వాల్యూం మా మిషన్ స్కూల్ల ఉండె, చిన్నప్పుడు చదివిన. అండ్ల రాజు మూడోసారి రాడు. ఎవర్నీ పంపడు. హో లిన్ గారు కొన్నేండ్లు చూసి, ఆయనే దిగొస్తడు."

"నౌకరి ఇచ్చిన్లా మరి?" అన్నాడు కట్టయ్య.

"ఇచ్చిన్లు. గదే ఉప్పు కచేరీల."

కట్టయ్యకు ఈ ముగింపు నచ్చినట్టుంది. తల ఊపి మళ్ళీ ముద్ద కలిపాడు. అయితే పెద్దమనిషిగా ఆయనకు పని మిగిలే ఉంది. అలక బొక్కది కానప్పుడు ఈ తీర్చడం చెల్లదు. తప్పు ఎవరిదో వాళ్ళే రావాలి. ఎల్లస్వామి ఎక్కడుంటాడని అడిగాడు. హన్మకొండ చౌరస్తా దగ్గరని ఎవరో చెప్పారు. వచ్చే ఆదివారం తోలుకొద్దామని వెంకట్రాజం అన్నాడు. మేక ఈసారి ఆయనే పెట్టుకోవాలని రాయమల్లు అన్నాడు. మూడో బెంచీ ఎల్లస్వామి తడక ముందు పడుకుని, సార్, హెడ్ పోతే పోయింది, అనడం సారంగపాణి కళ్ళకు కట్టింది. కాలేజీ అటెండరు దాకా పోతుంది ఆ ముచ్చట.

ఆయన ఆ మాట తప్పించడానికి సుందర్ రావు వైపు తిరిగి, తమరు వచ్చిన పని చెప్పలేదే అన్నాడు. అన్నాక, ఇంత జరిగినా, ఊపిరి బిగబట్టాడు. ఎడమ కాలు జంపఖానా మీద కొద్దిగా ముందుకు వచ్చింది.

"అదే సార్, రెండుసార్లు వచ్చినం, మీరు లేనే లేమంటిరి," అన్నాడు సుందర్ రావు. "ఉత్సవం పదిహేను రోజులకు వచ్చింది. సన్మాన పత్రం ఇంక ప్రెస్‌కు పోలే. పద్యాలల్ల రాయాలంటే జిల్లాల మీరు తప్ప ఎవరున్నరు. తహసీల్దారుకు మీరే రాసిన్లు, రైసు మిల్లాయనకు రాసిన్లు. గండపెండేరం ఎల్లస్వామి గారికని అందరం కలిసి అనుకున్నం. ఆయనే అన్నడు, మా గురువుగారు రాస్తే చాలని."

బాతులు రెండూ విస్తర్ల మధ్య నుంచి నడిచి వెళ్ళాయి. ఎవరూ తరమలేదు. పెరట్లో ఉన్నవాళ్ళంతా సారంగపాణి ముఖమే చూస్తున్నారు. గండపెండేరమంటే ఏమిటో వాళ్ళలో చాలామందికి తెలియదు. ముఖం ఎటు తిరుగుతుందో చూడడం మాత్రం అందరికీ తెలుసు. రాయమల్లు గంటె గాలిలోనే ఉంది. కట్టయ్య నమలడం ఆపాడు. లక్ష్మీనర్సమ్మ అప్పుడే తడక వైపు ఒకసారి చూసింది.

రాయనని చెప్పడానికి సారంగపాణి నోరు తెరిచాడు. తెరిచాక సంగతి అర్థమైంది. ఇప్పుడు ఏది వద్దన్నా అది అలకే. లేచి వెళ్తే అలక. మాట్లాడకపోతే అలక. హో లిన్ పేరు ఎత్తితే అది పాత అలక. వచ్చే ఆదివారం ఎల్లస్వామి మేకతో దిగుతాడు. వద్దనే హక్కు ఉన్న మనిషి ఈ ఇంట్లో ఇక ఆయన కాదు.

"ఎన్ని పద్యాలు కావాలె?" అన్నాడు.

పెరట్లో మాటలు మళ్ళీ మొదలయ్యాయి. రాయమల్లు ఇంకో గంటెడు వేశాడు. సుందర్ రావు ఎనిమిది చాలన్నాడు. ఆఖరి దాంట్లో కాలి కడియం ముచ్చట రావాలన్నాడు. చెయ్యి కడుక్కుని, బండికి టైమవుతోందని లేచి, చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు.

"ఒక్కటి సార్, ఏమనుకోకుండ్రి. జర చైనా ముచ్చట మాత్రం రానియ్యకుండ్రి."

సారంగపాణి రానివ్వనన్నాడు.